కరాలియోకి రంగు

ముప్పై ఏళ్ళుగా కుతైసిలో గోడలకు రంగులు వేస్తున్నాను.
రంగులు అనడం అలవాటు కొద్దీ.
నిజానికి ఒకటే: విరిగిన పాల తెలుపు.
అద్దెకిచ్చేవాళ్ళకి అదే, అమ్ముకునేవాళ్ళకి అదే,
కొత్తగా పెళ్ళయినవాళ్ళకీ
"ఏదో ఒకటి పూసెయ్ ఒతార్" అనేవాళ్ళకీ అదే.

నాజిబ్రోలా ఉండేది నాలుగో అంతస్తు.
తలుపు తీస్తూనే కోసిన పండు సగం నా చేతిలో పెట్టింది.
ఆకులన్నీ రాలిపోయాక కూడా
మా వీధి కొమ్మలు వదలకుండా పట్టుకునే కరాలియోకి పండు.
"ఇదీ రంగు. తొక్కది కాదు, లోపలిది."
గది మొత్తమా? అన్నాను.
"పైకప్పుతో సహా."

ఇల్లు ఇరుకైనట్టుంటుందమ్మా అన్నాను.
చీకటి పడుతుందమ్మా అన్నాను.
రేపు విసుగొస్తే మూడు పూతలేసినా చావదీ రంగు అన్నాను.
అంతా విన్నది, మర్యాదగా,
నొప్పి ఎక్కడంటే
ఊళ్ళో సంగతులన్నీ చెప్పే రోగిని విన్నట్టు.

నలభై ఏళ్ళు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసిందట.
ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి.
ఊళ్ళో సగం మందితో ఆమె మాట్లాడింది ఇంతే.
"ఎవర్ని చూసినా లోపల నలుపూ తెలుపే నాయనా.
మేయరైనా అంతే, బజార్లో జున్ను అమ్మే జుజునా అయినా అంతే.
ఇక బయటైనా..."
అని ఆగి, పండు కొరికింది.

నేను కలుపుతున్నాను. ఆమె తింటోంది.
పసుపు ఎక్కువైంది. ఒక చుక్క ఎరుపు.
ఇప్పుడు ఎరుపు ఎక్కువైంది.
సరిచూసుకుందామని తిరిగితే
పళ్ళెంలో ముచ్చిక మిగిలింది.
"చూసి పెట్టుకోలేదా?" అని ఇంకోటి కోసింది.

మధ్యాహ్నం కోడలు తేయా వచ్చి,
బూట్లు విప్పకుండా గడప దగ్గరే నిలబడి,
"ఇట్లా చేస్తే రేపు ఈ ఫ్లాటు ఎవరు కొంటారు?" అంది.
నాజిబ్రోలా నా నిచ్చెన వదల్లేదు.
"అంటే అంతదాకా నేను వాళ్ళింట్లో ఉండాలా?"

వంటగదిలోకి వెళ్ళి చెయ్యి కడుక్కోబోయి ఆగిపోయాను.
కిటికీ అద్దాల నిండా ఎక్స్‌రే ఫిల్ములు.
పేర్లు కత్తిరించేసిన మణికట్లు, పక్కటెముకలు,
ఎవరిదో నవ్వుతున్న దవడ.
ఒక్కటి మాత్రం తనదేనట.
తొంభై మూడు, కరెంటు లేని చలికాలం,
కట్టెలు మోస్తూ మంచు మీద జారితే విరిగిన మోచెయ్యి.
ఆ విరుగులోంచి ఎండ సన్నగా కారి,
గుమ్మం దాటి,
నా తడి గోడ మీద పడింది.
రంగు కుదిరిందని అప్పుడు తెలిసింది.

సాయంత్రం డబ్బు లెక్కపెట్టి ఇస్తూ
"మరి మీ ఇంట్లో ఏం రంగు?" అంది.
గుర్తు రాలేదు.
బస్సులో కూడా గుర్తు రాలేదు.

ఆ రాత్రి, త్సియాలా నిద్రపోయాక,
మిగిలిన డబ్బా తీసి
బీరువా వెనక, ఎవరికీ కనబడనిచోట,
జానెడు గోడకి వేశాను.
ఇంకో జానెడు.
బీరువా కొంచెం జరిపాను.

పొద్దున లేచేసరికి
చీపురు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడి ఉంది త్సియాలా.
"ఇంతేనా?"
రంగు అయిపోయింది అన్నాను.
ఆమె వంగి
డబ్బా మూత తీసి చూసింది.