డెబ్బై మూడో ఓటు

మా ఓటు ఏరు దాటి ఒచ్చింది.
పుట్టిలో, ప్లాస్టిక్ కవరు చుట్టుకొని
సారు ఒళ్లె పసిపిల్ల లెక్క కూసోని ఒచ్చింది.
డబ్బా తడుస్తదని ఆయన భయం.
ఆయన తడుస్తడని నా భయం.

ఈతలగడ్డ మాది. కృష్ణ రెండు పాయలై
నడుమ మమ్ముల మరిచిపోయిన జాగ.
కాయిదం మీద అవతలి ఒడ్డు పంచాయతీల ఎనిమిదో వార్డు.
ఓటర్లు డెబ్బై ముగ్గురు.
మేకలకు గిట్ట ఓటుంటే మేజరు పంచాయతే.

ఏట్ల పన్నెండు పిల్లర్లు లేసి నిలబడ్డయ్,
పైన బ్రిడ్జి లేదు.
కొంగలకు మాత్రం ఎప్పుడో ప్రారంభోత్సవమైంది.

ఈసారి ఆడోళ్ల రిజర్వు.
కుర్మ జమ్ములమ్మ, గుర్తు ఈల.
బోయ పరశమ్మ, గుర్తు గరిటె.
ఇద్దరి ప్రచారానికి ఒకటే పుట్టి, నాది.
పోయేటప్పుడు ఒకామె అన్నా అంటది
ఒచ్చేటప్పుడు ఇంకొకామె బావా అంటది
ఆ నాలుగు రోజులు
నా పేరు ఉరుకుందని నాకే యాదికి లేదు.

ఈలంటే మాకు పుట్టిని పిలిచే పిలుపు.
నొప్పులొచ్చినా, రేషను బియ్యమొచ్చినా,
పట్నంల సచ్చినోళ్ల శవమొచ్చినా
ఒడ్డున నిలబడి నోట్లె రెండు వేళ్లు పెట్టుడే.
పరశమ్మ పోయి అర్జీ పెట్టింది:
ఏట్ల ఈలేస్తే ప్రచారమైతది సారూ, అని.
మూడు రోజులు ఎవ్వరూ ఈలెయ్యలే.
తువ్వాలలు ఊపిన్రు.
నాకు దూరం చూపు ఆనదు.
ఎందరు ఊపి ఊపి ఎనక్కి పోయిన్రో!

ఓట్ల దినం పొద్దుగాల సార్లను దించిన.
పోలీసాయనను దించిన.
మరిచిపోయిన సిరా సీసా కోసం మళ్ల పోయిన.
పన్నెండు దాటినంక అవతలి ఒడ్డున ఈల,
అర్జీ భయం లేని ఈల.
దాదెమ్మ. గద్వాల దవాఖానల కన్ను కోపిచ్చుకొని
పచ్చగుడ్డ కట్టుతోని నిలబడ్డది.
"ఓటెయ్యకుంటే సచ్చినట్టు రాస్తరంట గద కొడుకా" అన్నది.
గుంజిన తెడ్డు. రొమ్ము పగిలేటట్టు గుంజిన.
ముసల్ది బడి గడప తొక్కెతలికి
ఒంటిగంటకు రెండు నిమిషాలు తక్కువ.

నేను పుట్టిని ఒడ్డుకీడ్చి, బోర్లిచ్చి,
గూటానికి తాడు బిగిచ్చి,
కాళ్ల బురద కడుక్కొని పోయేసరికి
తలుపేసిన్రు.
సారు గడియారం చూపెట్టిండు.
నేను నా వేలు చూసుకున్న.
సిరా లేదు. తెడ్డు కాయ ఉంది.

లెక్క పెట్టిన్రు.
ఈల ముప్పై ఆరు.
గరిటె ముప్పై ఆరు.
గడ్డ గడ్డంత మర్లి నా దిక్కే చూసింది.
అప్పటిదాంక ఎన్నడూ
అన్ని కండ్లు నా మీద పడలే,
పుట్టి మునిగిన నాడు సుత.

స్టీలు చెంబుల రెండు చీటీలేసిన్రు.
మూడో తరగతి పిల్ల కండ్లు మూసుకొని
గరిటెను తీసింది.

రాత్రి జమ్ములమ్మ గుడిసె ముంగటికొచ్చి అడిగింది:
"నువ్వుంటే ఎవరికేస్తుంటివి అన్నా?"
పొద్దున పరశమ్మ అడిగింది,
ప్రమాణం చెయ్యనీకి కొత్త చీర కట్టి
పుట్టిలెక్కుతా:
"ఎవరికేస్తుంటివి బావా?"
నీళ్ల నడుమ చెప్త అన్న.
నడుమకొచ్చినంక
ఒడ్డు మీద చెప్త అన్న.

ఒడ్డు రానే ఒచ్చింది.
ఎనక గడ్డ మీదికెల్లి
ఎవరో గట్టిగ ఈలేసిన్రు.
తెడ్డు తిప్పిన.