మూడోసారి ప్రకటన

డనీడిన్‌లో జూలై. వాన అడ్డంగా కొడుతోంది.
కమిటీలో అయిదుగురు ప్రొఫెసర్లు,
ఆరో కుర్చీలో నేను,
రేడియేషన్ రోగులకు మాస్కులు చేసేదాన్ని.
పనిచేసే చేతుల మాట కూడా వినాలని
ఎప్పుడో ఎవరో మినిట్స్‌లో రాయించారట.

కావలెను: రేడియేషన్ ఆంకాలజిస్టు.
మెదడు కణితులలో విశేష నైపుణ్యం.
సగం కాలం వైద్యం, సగం కాలం పరిశోధన.
(ఇంకో సగం కమిటీలకు పోతుందని రాయలేదు.)

మొదటిసారి వచ్చినాయన
సముద్రం చూసి మురిశాడు, జీతం చూసి వెళ్లిపోయాడు.
రెండోసారి ఎవరూ రాలేదు.

ఈలోగా ఎరల్ వచ్చాడు.
బాల్‌క్లూథా దగ్గర గొర్రెల ఉన్ని కత్తిరిస్తాడు.
రోజుకు మూడొందల గొర్రెల్ని ఒడిసిపట్టిన చేయి
కాఫీ కప్పును పట్టలేకపోయింది.
డాక్టరు క్రైస్ట్‌చర్చ్‌లో, తెర మీద.
"స్కాన్ చూశాను ఎరల్, విషయం ఏమిటంటే"
అన్నదగ్గర బొమ్మ బిగుసుకుపోయింది,
నోరు తెరిచి ఉండగానే.
మంచి కబురో చెడ్డ కబురో
ఆ తెరిచిన నోట్లోకి చూస్తూ కూర్చున్నాం నాలుగు నిమిషాలు.
ఎరల్ నవ్వాడు, ముఖంలో కుడి సగంతో.

అతను పోయాక నొయెలీన్ వచ్చి మాస్కు అడిగింది.
ఉన్ని కొట్టంలో మేకుకు తగిలించిందట.
కుక్క మొదట్లో మొరిగేదట దాన్ని చూసి.
తర్వాత దాని కిందే పడుకోవడం మొదలుపెట్టిందట.

మూడోసారికి డాక్టర్ గ్రసియేలా ఎచెవెరీ,
మాంటెవిడియో మనిషి, తడిసిన బూట్లతో.
ఎలుకలు చూపించింది, జన్యువులు చూపించింది,
ఎన్ని నెలలకు ఎందరు మిగిలారో చూపే గీత చూపించింది.
మెట్లు మెట్లుగా దిగింది ఆ గీత.
మా ఊళ్లో ఏ వీధీ అంత నిటారుగా దిగదు.
అడుగున, నేలను తాకకుండా సన్నగా సాగిన తోక మీద వేలు పెట్టి
"ఈ ఏడుగురు ఎలా మిగిలారన్నదే నా పరిశోధన" అంది.
ప్రొఫెసర్ ప్రింగిల్ కళ్లు మెరిశాయి.
గ్రాంట్లు అడిగారు. పేపర్లు లెక్కపెట్టారు.

నా వంతు వచ్చింది.
"మిగతావాళ్లు?" అన్నాను.

రాంగి తన కాగితాలు సర్దుకున్నాడు, అవి సర్దే ఉన్నాయి.
కిటికీ మీద వాన.
"తెలీదు," అంది ఆమె చాలాసేపటికి. "మీరేం చేస్తారు వాళ్లకి?"

ప్లాస్టిక్ రేకును వేడినీళ్లలో ముంచుతానన్నాను.
మెత్తబడ్డాక ముఖం మీద పరుస్తాను.
వేడి తువ్వాలులా ఉంటుందని ముందే చెబుతాను.
గట్టిపడేదాకా మాట్లాడుతూనే ఉంటాను,
వాతావరణం గురించో, రగ్బీ గురించో.
వాళ్లు బదులు పలకలేరు, దవడ కదలకూడదు.
నుదుటి రాత సంగతి నాకు తెలీదు డాక్టర్,
నుదుటికి పైన మార్కర్‌తో మూడు గుర్తులు పెట్టడం తెలుసు.
ఆమె ఏదో రాసుకుంది.

ఉద్యోగం ఆమెకే ఇచ్చారు. మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు.
తర్వాత మర్యాదగా నాలుగు వాక్యాలు: రాలేనని,
మాంటెవిడియోలోనే ల్యాబ్ పెడుతున్నారని.
అందరికీ వచ్చిన ఉత్తరమే నాకూ.
నా ప్రతిలో మాత్రం కింద ఇంకో లైను:
"నీళ్లు ఎంత వేడి అన్నారు? రాసుకున్న కాగితం పోయింది."

డెబ్బై డిగ్రీలని జవాబిచ్చాను.
ముఖం మీద పరిచే ముందు మోచేతికి ఆనించి చూడమని కూడా.

నాలుగో ప్రకటన ముసాయిదా బల్ల మీద ఉంది,
తప్పులుంటే దిద్దమని పంపారు.
అచ్చుతప్పులేం లేవు.
కావలసిన అర్హతల కింద, పెన్సిల్‌తో, చిన్నగా రాశాను:
మాట మధ్యలో ఆగిపోకూడదు.

సోమవారం తొమ్మిదింటికి ఎవరో స్కూలు టీచరు,
ముప్పై నాలుగేళ్లు.
నీళ్లు పెట్టాలి.