మెత్తబడ్డ స్ప్రింగు

సఖినేటిపల్లి రేవులో పంటు ఇంజను మొరాయించింది.
మోచేతుల దాకా గ్రీజుతో నేను.
ఏటిగట్టు మీద అయిదు కిలోమీటర్లు పరిగెత్తొచ్చి
రొప్పుతూ నిలబడ్డాడు మేనల్లుడు జోయెల్.
వచ్చే నెలలో సెలక్షన్లు వాడికి.

"మావయ్యా, ఆర్మీలో ఇచ్చే పిస్తోలు ఏ కంపెనీది?
మనదైతే జామైపోద్దంట కదా?"

పంతొమ్మిదేళ్ళు దాని పక్కనే కూచున్నాన్రా,
హవల్దార్ బల్ల ఏసుపాదం, ఆర్మరర్.
కోత్ అంటారు ఆ కొట్టుని.
పొద్దున్న లెక్కెట్టి ఇవ్వడం, సందేళ లెక్కెట్టి తీసుకోవడం,
నడుమ నూనె.

తొమ్మిది ఎమ్మెమ్. పదమూడు గుళ్ళు.
ఓ మోస్తరు పులస తూగుద్ది.
నడుముకి కట్టిన మొదటివారం
చెయ్యి మీసం మీదకి పోద్ది,
రెండోవారం నుంచి నడుం మీదకి.
పాతిక గజాల్లో అట్టముక్కకి తగిలితే గొప్ప.
అంత దగ్గరికి ఎదటోడు వచ్చాడంటే
అప్పటికే శానా పనులు చెడిపోయుంటాయి.

మంచుకొండ మీద మమ్మల్ని బతికించినవి అడుగు, చెప్తాను.
పొడి మేజోళ్ళు.
పార.
వైర్లెస్ బ్యాటరీ చల్లారిపోకుండా
బిడ్డలా పొట్టకి హత్తుకు పడుకున్న తెన్కాశి కుర్రోడు.
కిరసనాయిలు మోసుకొచ్చే కంచరగాడిదలు,
వాటిల్లో ఒకదాని పేరు లక్ష్మి.
మీ అమ్మమ్మ కట్టిచ్చిన కొబ్బరినూనె సీసా మాత్రం
ఆర్నెల్లూ రాయిలా గడ్డకట్టే ఉంది.

"అయితే పిస్తోలు దండగంటావ్!"

నేనన్నానా ఆ మాట?

ఒక రాత్రి, పన్నెండు దాటాక,
మేజర్ నేగీ కోత్ తలుపు తట్టాడు.
అంతకు మూడ్రోజుల ముందు
ఆయన పంపిన గస్తీలో నలుగురు
మంచుపెళ్ళ కింద ఉండిపోయారు.
పిస్తోలు తీసి బల్ల మీద పెట్టాడు.
"పొద్దున్నదాకా నీ దగ్గరుంచు" అన్నాడు.
గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.
"నేనడిగినా ఇవ్వకు."

అలవాటు కొద్దీ గుళ్ళు లెక్కెట్టాను.
పన్నెండు.
మళ్ళీ లెక్కెట్టాను.
ఏం మాట్లాడకుండా చెయ్యి చాపాను.
పెద్దాఫీసరు ముందు అలా చెయ్యి చాపకూడదు.
చాలాసేపు నా అరచేతినే చూశాడు.
ఆనక కోటు లోపలి జేబులోంచి
పదమూడోది తీసి పెట్టాడు.
అంత చలిలోనూ అది వెచ్చగా ఉంది.

రిజిస్టర్లో కారణం అని ఒక గడి ఉంటది.
"స్ప్రింగు మెత్తబడింది, మరమ్మతుకి" అని రాశాను.
పంతొమ్మిదేళ్ళ రాతలో అబద్ధం అదొక్కటే.

ఆ రాత్రంతా స్టవ్ ముందు కూచున్నాం ఇద్దరం.
ఏ రోగమూ లేని స్ప్రింగుని
ఊడదీశాను, తుడిచాను, బిగించాను,
మళ్ళీ ఊడదీశాను.
ఆయన నా చేతులు చూస్తూ కూచున్నాడు.
తెల్లారింది. మరమ్మతు అవలేదు.
పదకొండు రోజులు అవలేదు.

నడుముకి ఖాళీ తోలు సంచీతో ఆ పదకొండు రోజులూ
గస్తీలు పంపాడు, ఉత్తరాలు రాశాడు,
నలుగురి ఇళ్ళకీ నాలుగు.
సంచీ ఖాళీదని ఎవరికీ తెలియలేదు,
శత్రువుకి కూడా.

ఇప్పుడు ఏదో కొండూళ్ళో ఆపిల్ తోట ఆయనకి.
ఏటా క్రిస్మస్‌కి ఫోన్ చేస్తాడు.
పండగ మాట ఎత్తడు.
"స్ప్రింగు ఎలా ఉంది, ఏసుపాదం?"
"ఇంకా మెత్తగానే ఉంది సాబ్."
ఇద్దరం కాసేపు లైన్లో ఊరికే ఉంటాం.

జోయెల్ చెమట తుడుచుకోవడం మర్చిపోయాడు.
నర్సాపురం గట్టున బళ్ళు ఒకటే హారన్లు.
వశిష్ఠ మీద గుర్రపుడెక్క ఒక తెప్ప
ఎటు పోవాలో తేల్చుకోలేక
పోటు నీళ్ళలో అక్కడక్కడే తిరుగుతోంది.

"ఇంతకీ ఏ కంపెనీది మావయ్యా?"

ఆయ్, చెప్తాను గానీ,
ఆ పద్నాలుగో నంబరు పానా ఇలా అందుకో.
ఆ కాళ్ళకి ముందు సరైన మేజోళ్ళు కొనుక్కో.