ఆకలి గడి

తార్తూలో మార్చి నెల. ఎమయొగి నది మీద మంచు
కరగాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు.
మూడో అంతస్తు. తలుపు మీద రెండు పేర్లు.
ఒకరు మాటలు వింటారు, ఒకరు భోజనం సంగతి అడుగుతారు.
నేను లీవిని. పియానోలు శ్రుతి చేస్తాను.
నలభై మూడేళ్ళొచ్చాక ఈ జబ్బేమిటని
నాకు నేనే సంజాయిషీ చెప్పుకుంటూ కోటు విప్పాను.
దాని కింద ఇంకో కోటు, దాని కింద స్వెట్టరు.
అన్నీ విప్పేసరికే పది నిమిషాలు.

మాటలు వినే ఆయన టానెల్.
పెద్ద ప్రశ్న ఏదో వేస్తాడని బిగదీసుకు కూర్చున్నాను.
"కుర్చీ సరిపోయిందా?" అన్నాడు.
అంతే, ఏడుపొచ్చేసింది.
సరిపోవడం అన్న మాటతోనే కదా
ఇరవై ఎనిమిదేళ్ళుగా నా తగువు!
పాటల పండగకి అమ్మమ్మ నేసిన నడికట్టు కట్టుకుంటుంటే
బృందం టీచరు నవ్వుతూ అంది: "చాలడం లేదే నీకు!"
ఆవిడ ఆ సాయంత్రానికే మర్చిపోయి ఉంటుంది.

ఎవరైనా తింటూ కనిపిస్తే మావాళ్ళు
"నీ రొట్టెకు కొదవ లేకుండు గాక" అంటారు.
నా జవాబెప్పుడూ "ఇప్పుడే తిన్నాను."
పుట్టినరోజుల్లో, పెళ్ళిళ్ళలో, చివరికి చావు భోజనాల్లోనూ
ఇప్పుడే తిన్నాను.

పక్క గదిలో ఊర్వె. నాకంటే చాలా చిన్నది,
చెవులకి చెర్రీ పళ్ళ పోగులు.
తూకం యంత్రాన్ని గోడ వైపు తిప్పి పెట్టింది, అది ముందే చూశాను.
ఒక నోటుబుక్కు ఇచ్చింది, గళ్ళు గీసి:
ఎప్పుడు, ఏమిటి, ఎవరితో, ఆకలి.
"మీకు ఆకలి ఎలా ఉంటుంది?"

తారస్థాయిలో ఒక్క మెట్టుకి మూడు తీగలు,
అందులో ఒకటి వెంట్రుకవాసి దిగితే
వరండాలో నిలబడే చెప్పగలను.
దీనికి మాత్రం నోరు పెగల్లేదు.

ఏదో ఒకటి చెప్పాలని పియానో గురించి చెప్పాను.
కల్లాస్తేలో, సరస్సు ఒడ్డున సభామందిరంలో,
పంతొమ్మిదేళ్ళు ఎవరూ మూత తియ్యని పియానో.
తీగలన్నీ జారిపోయి ఉన్నాయి.
ఒక్కసారిగా బిగించామా, తెగుతుంది,
చెంపదెబ్బలాంటి చప్పుడుతో.
కొద్దిగా బిగించి వచ్చెయ్యాలి. మళ్ళీ వెళ్ళేసరికి
కొంత జారే ఉంటుంది.
అది తీగ తప్పు కాదండీ, కొయ్యకి పాత అలవాటు,
అని యజమానులకి ఎంత ఓపిగ్గా చెబుతానో!

ఊర్వె పెన్ను మూత కొరుకుతూ వింది.
"మరి మొదటిసారి ఎంత బిగిస్తారు?"
"కొంచెం."
"అయితే పొద్దున్నే ఒక రొట్టె ముక్క. వెన్నతో."
వెన్నతో అన్నప్పుడు
నేను కిటికీలోంచి నదిని చూశాను.

అమ్మమ్మ సైబీరియా నుంచి తిరిగొచ్చాక
తడి వేలితో బల్ల మీది రొట్టె పొడి అద్దుకు తినేది.
ముక్క కింద పడితే తీసి ముద్దు పెట్టుకునేది,
మాకూ అదే నేర్పింది.
లేక లెక్కపెట్టింది ఆవిడ.
ఉండి లెక్కపెడుతున్నాను నేను.
వంతెన మీద బాతులకి నేనెన్ని ముక్కలు విసిరేశానో
ఆవిడకి తెలియకుండానే పోయింది.
ఇది టానెల్‌కి చెప్పలేదు.
వచ్చే మంగళవారం చెబుతానేమో.

గురువారం. వంటగది.
నల్ల రొట్టె, దాని బెజ్జాలు కనపడేంత పల్చగా వెన్న.
సగం అయింది. మిగతా సగం చేతిలోంచి జారి
వెన్న రాసిన వైపే నేలకి కొట్టుకుంది.
తీసి ముద్దు పెట్టుకున్నాను, అలవాటుగా.
పెదవి మీద ఉప్పగా, జిడ్డుగా.
తుడుచుకోలేదు, కాసేపు.

ఎప్పుడు: ఏడున్నర.
ఏమిటి: రొట్టె, సగం. వెన్నతో.
ఎవరితో: రేడియోతో.
చివరి గడి దగ్గర పెన్సిలు ఆగింది.
కడుపులో అప్పుడే ఏదో కదిలింది,
పియానోలో అన్నిటికంటే కింది మెట్టుకీ కిందుగా,
నా దగ్గర పేరు లేని స్వరం.
'ఏదో మోగింది' అని రాశాను.