కుండ వయసు

శాంటాఫేలో నా బల్ల మీద, దీపం కింద
ఆకోమా నీళ్ళకుండ.
వేలి కణుపుతో తట్టాను, ఖంగుమంది.
యుక్కా నార కుంచె. రెండుచోట్ల తడబడ్డ నల్లగీత.
అంచు దగ్గర కావాలనే కలపకుండా వదిలిన సందు.
"పందొమ్మిది వందల పది ప్రాంతం. చేసినవారు తెలియదు.
పగులుంది, ధర సగం" అన్నాను.

క్రెసెన్సియా మోచేతిదాకా చెయ్యి లోపలపెట్టి
దేన్నో తడుముకుంది.
"మా అమ్మమ్మ బొటనవేలు వంకర. ఇదిగో."
నా భూతద్దం అక్కడిదాకా పోదు.

"పగిలిన కుండల్ని నూరి ఈ మట్టిలో కలిపింది.
వాటిలో ఇంకా పాతవి.
నువ్వు చెప్పిన వయసు
ఏ కుండది?"

చీటీ మీద అంకె కొట్టేశాను.
ఆమె కుండను తలకెత్తుకుంది,
అడుగు గుంట నెత్తిమీద కుదురుగా కూర్చుంది.
మా గుమ్మం ఎత్తు తక్కువ.
మోకాళ్ళు వంచి, మెడ వంచకుండా
దాటింది.