మూడు వందల పుల్లలు

డిసెంబరు మొదట్లో మా ఊళ్లో సూర్యుడు
దుకాణం కట్టేస్తాడు.
ఎటు పోతున్నాడో చెప్పడు.
మధ్యాహ్నం పన్నెండుకి కొండ వెనక
కాస్త నీలం తేలి, మళ్లీ మునుగుతుంది.
మూర్మాన్స్క్‌లో పుట్టి పెరిగిన వాళ్లం, మాకిది కొత్త కాదు.
అయినా ఏటేటా అదే గొణుగుడు.

ఆ ఏడు ఫాయినా గొణగలేదు.
ట్రాలీబస్సు డిపోలో అప్పగించి వస్తూ వస్తూ
ఏది కొన్నా ఒకటే ధర ఉండే కొట్లో దూరింది.
మూడు కట్టల కబాబు పుల్లలు,
అరచేతంత గుండ్రటి అద్దం,
బంగారు రంగు డబ్బా ఒకటి.
అంతా కలిపి మా ఇద్దరి ఒకపూట తిండి ఖర్చు.
"కబాబులెవరికి?" అన్నాను.
"సూర్యుడికి" అంది, బూట్లు విప్పుతూ.

పెద్ద బజారు అంగట్లో అలాంటి అద్దం వేలాడేది,
చుట్టూ కిరణాలతో.
దాని ధర, రేవులో నా జీతంలో సగం.
కొనిపెడతానని మూడేళ్ల కిందట నేనే అన్నాను.
ఆ మాట ఆమె ఎత్తలేదు.
ఎత్తకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

అడుగున అట్ట కావాలి.
బాల్కనీలో అరటిపళ్ల పెట్టె దొరికింది,
పక్కన ఈక్వడార్ అని నీలం ముద్ర.
పళ్లెం బోర్లించి గీత గీసి, కోస్తూ కోస్తూ
"ఈ అట్ట మనకంటే ఎక్కువ ఎండ తిన్నది, గెనా" అంది.

జిగురు తుపాకీ పై అంతస్తు ఎల్విరాది, అరువు.
దాంతోపాటు ఆమె కొడుకు తిమోఫే కూడా దిగాడు,
ఎవరూ పిలవకుండానే.
వాడికి లెక్క అప్పగించాం:
పొడుగుది ఒకటి, పొట్టివి రెండు, మళ్లీ పొడుగుది.
నూట పది దాటాక వాడు తప్పాడు.
అందుకే మా సూర్యుడికి ఎడమపక్క
పొట్టివి ఐదు వరసగా ఉంటాయి,
పాలపళ్లు ఊడిన నోరులా.

ఫాయినా చూపుడువేలు చురుక్కుమంది.
కిటికీ తీసి, అంచు మీది మంచులో గుచ్చి
"సూర్యుణ్ణి ముట్టుకుంటే కాలదా మరి" అని
తనే నవ్వుకుంది.
నేను నవ్వలేదు, పుల్లలు కత్తిరిస్తున్నాను.
ఎప్పుడు కూర్చున్నానో,
కత్తెర నా చేతికెలా వచ్చిందో తెలీదు.

ఇంట్లో వాసనని, రంగు మెట్ల దగ్గర కొట్టాం.
కింది ఇంటి ముసలాయన తలుపు తీసి తిట్టాడు.
తిట్టి, చూసి,
తలుపు మూయడం మరిచిపోయాడు.
మర్నాడు రేవులో అందరూ ఒకటే నవ్వు:
నా కుడి బూటు ముక్కు బంగారం.

అది మా గోడ మీద వెలిగిపోయిందని అనను.
పుల్లలు ఎక్కడైనా వెలుగుతాయా?
కానీ అర్ధరాత్రి పని దిగి వచ్చి స్విచ్చి వేస్తే
గోడ నాకోసం మేలుకుని ఉన్నట్టుండేది.
వారానికో కిరణం రాలేది.
ఫాయినా ఏరి టీ గ్లాసులో దాచేది,
ఆదివారం అతికిద్దామని.
ఆదివారాలు నిద్రకే చాలేవి కావు.

జనవరి చివర్లో ఒక పూట
అసలువాడు కొండ అంచు మీదికి పాకాడు.
ఉన్నది పావుగంట.
వచ్చీరాగానే మా గోడెక్కి,
ఇల్లు ఖాళీ చేయించే యజమానిలా
మూలమూలా తడిమి చూశాడు:
సాలెగూడులా సాగిన జిగురు పోగులు,
రంగంటని పుల్లల పక్కలు,
అద్దం మీద తిమోఫే వేలిముద్ర,
రాలిన చోట సందులోంచి
నీలంగా తొంగిచూస్తున్న ఈక్వడార్.

నాకు సిగ్గేసింది.
"చీకట్లోనే బాగుండేది" అన్నాను మెల్లగా.

ఫాయినా టీ గ్లాసు తెచ్చింది.
తుపాకీ ప్లగ్గులో పెట్టింది.
"ఇన్నాళ్లకి పని కనబడేంత వెలుగొచ్చింది" అంది,
"జరుగు గెనా, అడ్డం నిలబడకు."