ఇంకా ఉంది

నాలుగు మార్కుల లెక్కకు మూడే పడ్డయి.
సబిహా మేడమ్ ఎర్ర పెన్నుతోని పక్కన
రెండే మాటలు రాసింది: "ఇంకా ఉంది."

3x⁴ − 48.
ముందు ఉమ్మడిగ ఉన్న మూడును బయటికి తీసిన,
బండ మీది మన్నూ కంపా ఎత్తేసినట్టు.
మిగిలింది ఒక్క దెబ్బకు రెండయింది:
3(x² + 4)(x² − 4)
కింద గీత గీసి, పేపరిచ్చి,
బయటికొచ్చి జామకాయ కొనుక్కున్న.

చండూరు గుట్ట కాడ మా నాయిన వల్లెపు గంగులు
పగిలిన రాయిని అట్ల వదలడు.
ఒక్కో ముక్కను బొర్లేసి
సుత్తెతోని మెల్లగ తట్టి చెవి పెడతడు.
గల్లుమంటే ఒక తీరు, దబ్బుమంటే ఒక తీరు.
"పగిలింది గద అని సంబరపడొద్దు బిడ్డా,
పగిలినదాన్ల ఇంకో పగులు పండుకొని ఉంటది."

మబ్బుల్నే లేచి పేపరు ముందటేసుకొని
x² − 4 ను తట్టి చూసిన.
మోగింది.
నాలుగు కూడ వర్గమేనాయె, ఎట్ల మర్చిపోయిన?
(x + 2), (x − 2)
పొర వెంబడి చీలిన పలకల్లెక్క
నున్నగ విడిపోయినయి.

అగ్గువకు దొరికెనని ఆశ పుట్టి
x² + 4 మీద కూడ ఉలి పెట్టిన.
(x + 2)(x + 2) అని రాసి గుణిస్తే
నడుమ 4x పిలవని పేరంటంలెక్క వచ్చి కూసున్నది.
ఒక ప్లస్సు తీసి మైనస్ పెడితే
అది లేచిపోయింది గని
చివరి నాలుగుకు మైనస్ పడ్డది.
రెండు పేజీలు ఖరాబు.
అంబలి తాగుకుంట నాయిన నా మొహం చూసి
రాయి ముచ్చటే అనుకున్నడేమో,
"పొర లేనిదాన్ని ఇడిసిపెట్టు. అది ఉలినే తింటది" అన్నడు.

మేడమ్ కూడ గంతే అన్నది, ఇంకో మాట కలిపి:
"పై క్లాసులల్ల వేరే తీరు సంఖ్యలొస్తయి,
వాటితోని అదీ పగుల్తది."
ఇంటికొచ్చి చెప్తే నాయిన
"మిషినొస్తే అన్నీ పగుల్తయి" అన్నడు,
కొత్త క్రషర్ దిక్కు చూడకుంటనే.

సరిచూసుకునుడు నాకిష్టం.
ముక్కలను గుణించుకుంట పోతే
3x⁴ − 48 తిరిగొస్తది,
చెక్కు చెదరకుంట.
నాయినకు చూపించిన. సదువు రాదు గని
ఒక్కో బ్రాకెట్టును వేలుతోని తడిమిండు.
"అన్నీ కలిపితే మళ్ల గదే అయితదా?"
"అయితది."

బడి ఎనక సగం గుట్ట ఉన్నది.
సగం టిప్పర్లల్ల ఏ రోడ్డు కిందికో పోయింది.
చానాసేపు అటే చూసి
"మల్లోసారి కలుపు, చూస్త" అన్నడు.